నిట్టూర్పు, ఓర్పు, ఓదార్పు

నేను ఒంటినిండా సబ్బుతో ఉన్న సమయంలో మా ఆవిడ త్రిపుర బాత్‌రూం తలుపు దబదబా బాదింది.

"ఏవండీ! ఆ నీళ్ళు ఆపండి! ఒక్క చుక్క కూడా పొయ్యకండి!"

"ఎందుకే?"

"ముప్పయ్యొకటో తారీకుతో మన నీళ్ళు ఆగిపోతాయట! ఇప్పుడే మీ ఫోన్‌కి చేసి చెప్పారు. ఆలోపు వాడుకోవాలట, మిగిలినవి మురిగిపోతాయట!"

కళ్ళు తెరిస్తే సబ్బు, మూస్తే భయం. తువ్వాలుతోనే సబ్బు తుడుచుకుని బయటికొచ్చేసరికి ఇంట్లో బకెట్లు, బిందెలు, ప్రెషర్ కుక్కరు, ఆఖరికి నా టిఫిన్ క్యారేజీలో మూడు గిన్నెలూ కూడా నిండి ఉన్నాయి. త్రిపుర తనొక్కతే భయపడే స్వార్థపరురాలు కాదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అందరికీ తలా కాస్త భయం పంచిపెట్టింది. మూడో అంతస్తు రాజ్యం గారు పద్దెనిమిది బకెట్లు పట్టి, పంతొమ్మిదోదిగా మనవడి ప్లాస్టిక్ ఈతతొట్టి నింపుతున్నారు. ఇరవై నాలుగు ఫ్లాట్ల వాళ్ళూ ఒక్కసారే కుళాయిలు తిప్పడంతో పదకొండు గంటలకల్లా ట్యాంకు ఖాళీ అయి, నీళ్ళు నిజంగానే ఆగిపోయాయి. దాంతో మా ఆవిడ మాట మీద జనానికి గురి కుదిరింది.

మా అపార్ట్‌మెంట్ పేరు 'గోదావరి దర్శన్'. అందులోంచి గోదావరి కనిపించదు. దర్శన్ అనే నేపాలీ వాచ్‌మన్ మాత్రం కనిపిస్తాడు, అదీ ఒకటో తారీకున.

మధ్యాహ్నం నేను ఆ నంబరుకి ఫోన్ చేశాను. అది మునిసిపాలిటీ కాదు, మేఘమాల ఎయిర్‌వేస్. ఆగిపోయేవి నీళ్ళు కావు, మైళ్ళు. మిక్సీలో కొబ్బరి పచ్చడి నలుగుతుండగా విన్న మాట నలక్కుండా ఎలా వస్తుంది?

"అయ్యో, గ్రూపులో చెప్పేద్దామా?" అన్నాను.

"నోరు మూసుకోండి. రాజ్యం గారు ఆ ఈతతొట్టి నాలుగు మెట్లెక్కించి అటక మీద పెట్టించారు. ఇప్పుడు చెబితే ఈ జన్మకి నన్ను బతకనివ్వరు" అంది త్రిపుర.

సాయంత్రం అసోసియేషన్ ప్రెసిడెంటు కర్రి బులివెంకటరెడ్డి గారు అత్యవసర సమావేశం పెట్టారు. "ఆయ్, ముప్పయ్యొకటికి నీళ్ళు బందు అంటున్నారు కదండీ. కొత్త బోరు, దానికో కొత్త మోటారు, తప్పదండి. పట్టాభి గారూ, మీరేమంటారు?" అన్నారు. నేను నిజం చెబుదామనే నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి కొటేషన్ వచ్చింది. ఎందుకంటే నేను పంపుసెట్ల కంపెనీలో సేల్స్ మేనేజర్ని. కంపెనీ నన్ను పంపుతుంది, నేను పంపులు పంపుతాను. ఈ పంపకాల్లోనే పదకొండేళ్ళు గడిచిపోయాయి.

ఆ పదకొండేళ్ళలో రెండువందల పన్నెండు సార్లు రాజమండ్రి నుంచి హైదరాబాదుకి మేఘమాల విమానంలో వెళ్ళొచ్చాను. త్రిపుర ఒక్కసారీ ఎక్కలేదు. ఆవిడకున్న కోరిక ఒక్కటే. శ్రీనగర్‌లో మంచు చూడాలి, అదీ విమానంలో కిటికీ పక్కన కూర్చుని వెళ్ళి చూడాలి. లక్ష మైళ్ళు పోగైతే ఇద్దరికి శ్రీనగర్ టికెట్లు ఉచితం. మేం తొంభై ఏడువేల అయిదువందల ఇరవై దగ్గరున్నాం. ఇంకో ఆరు ట్రిప్పులు కొడితే మంచే. ఆవిడ మూడేళ్ళ క్రితమే రెండు ఉన్ని స్వెట్టర్లు కొని బీరువాలో పెట్టింది. ఏటా మే నెలలో వాటిని మేడ మీద ఆరేస్తుంది. రాజమండ్రిలో మే నెల ఎండకి ఉన్ని స్వెట్టర్లు ఆరేసే ఇల్లు ఎక్కడంటే ఏ ఆటోవాడైనా తిన్నగా మా గుమ్మంలో దింపుతాడు.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. హైదరాబాదులో ఇంకా లాడ్జిలో చొక్కా ఇస్త్రీ చేయించుకుంటూనే త్రిపురకి ఫోన్ చేసి "ఎక్కేశాను, బయల్దేరు" అంటాను. ఇది అబద్ధం కాదు. భూత, భవిష్యత్, వర్తమానాలు కాక మనవాళ్ళకి నాలుగో కాలం ఒకటుంది. దాని పేరు 'వచ్చేశాను కాలం'. పెళ్ళిభోజనాలకీ, ప్లంబర్లకీ, రైల్వే స్టేషన్లకీ అదే వర్తిస్తుంది. త్రిపుర మాత్రం నా మాట నమ్మి కారేసుకుని మధురపూడి విమానాశ్రయానికి వెళ్ళి, పార్కింగ్‌లో కూర్చునేది. ఆ పార్కింగ్ చీటీలన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచింది. "కంపెనీకి బిల్లు పెట్టుకోండి" అని చెప్పేది. నేను పెట్టలేదు. "డబ్బా కబుర్లు" అని నవ్వేవాణ్ణి.

*

మైళ్ళు ఎందుకు ఆగిపోతున్నాయో చెప్పడానికి మేఘమాల వాళ్ళు ఊళ్ళో ఒక హోటల్లో సభ్యుల సమావేశం పెట్టారు. నిష్ఠా విభాగం, అంటే లాయల్టీ విభాగం, అధిపతి శ్రీ నిరంజన్ గారు హైదరాబాదు నుంచి వచ్చారు, రైల్లో. బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, పట్టు ఉత్తరీయం, చేతిలో టాబ్లెట్. త్రిపురా నేనూ మూడో వరసలో కూర్చున్నాం.

"ప్రియ మేఘమిత్రులారా!" అని మొదలెట్టారాయన. "దూరము అనునది భౌతికము. నిష్ఠ అనునది ఆధ్యాత్మికము. ఇంతకాలము మన సంస్థ దూరమును కొలిచి నిష్ఠకు బహుమతి ఇచ్చినది. ఇది కాళ్ళు కొలిచి టోపీ కుట్టినట్లున్నది. గత మాసమున నేను కొండకు వెళ్ళితిని. పదిహేడు గంటలు కంపార్ట్‌మెంటులో కూర్చుంటిని. దర్శనము రెండు సెకండ్లు. అయినను బయటికి వచ్చిన ఒక్కరును ఫిర్యాదు చేయలేదు. ఆనందబాష్పములు రాల్చుచు మరల ఎప్పుడు వత్తుమా అని క్యాలెండరు చూచుకొనుచున్నారు. మన విమానము నలభై నిమిషములు ఆలస్యమైనచో కాలరు పట్టుకొనుచున్నారు. తేడా ఎక్కడ ఉన్నది?"

నేను లేచి, "అక్కడ దేవుడున్నాడండీ" అన్నాను.

"అది సాంకేతిక వివరము. తరువాత చర్చింతము" అన్నారు నిరంజన్ గారు. "సారాంశము ఏమనగా, నిరీక్షణయే నిష్ఠ. వేచినకొలది ప్రేమ పెరుగును. కావున వచ్చే నెల నుండి మైళ్ళు రద్దు. నిమిషములు అమలు. మా విమానము కొరకు వేచిన ప్రతి నిమిషమునకు ఒక పాయింటు. అరవై వేల నిమిషములు వేచినవారికి ఇరువురికి శ్రీనగర్ యాత్ర ఉచితము."

సభ్యులకి మూడు హోదాలు. వెయ్యి నిమిషాలు దాటితే 'నిట్టూర్పు'. పదివేలు దాటితే 'ఓర్పు'. అరవై వేలు దాటితే 'ఓదార్పు'. ఓదార్పు సభ్యుల పక్కన సంస్థ ఉద్యోగి ఒకరు కూర్చుని చెయ్యి పట్టుకుంటారు.

"మరి నా తొంభై ఏడువేల మైళ్ళు?" అన్నాను.

ఆయన టాబ్లెట్‌లో నా పేరు చూశారు. ఆయన మొహంలో మా డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసినప్పటి భావం కనిపించింది.

"పట్టాభిరామయ్య గారూ, రెండువందల పన్నెండు యాత్రలు. ప్రతి పర్యాయము ద్వారము మూయుటకు రెండు నిమిషములు ముందుగా పరుగున ప్రవేశము. విమానము ఆలస్యమైనచో ఆ సంగతి యాప్‌లో చూచుకొని తామును అంతే ఆలస్యముగా వచ్చితిరి. తమరి నిరీక్షణ శూన్యము. పైగా రెండు పర్యాయములు విమానమే తమ కొరకు వేచినది. అది తరుగు. మైనస్ పదకొండు."

హాలంతా నావైపు తిరిగింది. పదకొండేళ్ళు టైము వృథా చెయ్యనివాడినని గర్వపడ్డాను. ఇప్పుడు సభాముఖంగా ద్రోహినయ్యాను.

ఇంటికొచ్చాక త్రిపుర బీరువా తెరిచి స్వెట్టర్లు తీసి, దులిపి, మళ్ళీ మడతపెట్టి, "నా కిటికీ?" అంది. అంతే.

"అరవై వేల నిమిషాలంటే వెయ్యి గంటలు. నలభై ఒక్క రోజుల పదహారు గంటలు. కూర్చుంటాను. నీ కిటికీ నీకు తెచ్చిస్తాను" అన్నాను.

*

నలభై ఒక్క రోజులంటే ఒక మండలం. ఈ లెక్క నాకొక్కడికే తట్టిందనుకుని, సెలవు పెట్టి, బోర్లా పడుకోడానికి వీలుగా దుప్పటి కూడా పట్టుకుని విమానాశ్రయానికి వెళ్ళాను. అప్పటికే అక్కడ ఎనభై మంది లేతనీలం ఉత్తరీయాలు వేసుకుని కూర్చున్నారు. నిరీక్షణ దీక్ష అట. దీక్షలో ఉన్నవాళ్ళు ఒకరినొకరు "మిత్రమా" అనాలి. గడియారం చూడకూడదు. "ఇంకా ఎంతసేపు" అన్న మాట నోట రాకూడదు. ఇరుముడి ఉండాలి: ఒక ముడి చేతిసంచీ, రెండోది చెక్-ఇన్ సంచీ. దీక్ష ఇచ్చే గురువు గారు రిటైర్డ్ తాసీల్దారు. ముప్పై నాలుగేళ్ళు జనాన్ని బెంచీల మీద కూర్చోబెట్టిన అనుభవం, ఇప్పుడు స్వయంగా బెంచీ మీదికి వచ్చింది.

"మిత్రమా, మొదటి మూడు రోజులు నడుము నొప్పెడుతుంది. తర్వాత నడుము ఉందన్న సంగతే మర్చిపోతారు" అని ఆశీర్వదించి నాకు ఉత్తరీయం కప్పారు.

మేఘమాల వాళ్ళు ఏర్పాట్లు ఘనంగా చేశారు. ఇనప గొట్టాలతో కంపార్ట్‌మెంట్లు కట్టారు. ఉదయం ఉప్మా, మధ్యాహ్నం సాంబారన్నం, సాయంత్రం గొట్టాల సందుల్లోంచి గోరువెచ్చని పాలు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తోలినప్పుడల్లా జనం ఉత్సాహంగా కేకలు వేసేవారు. ఆ తర్వాతి గదిలో కూడా ఉప్మాయే.

విమానాలు టైముకి రావడం పెద్ద సమస్య అయిపోయింది. ఒకరోజు మైకులో ప్రకటన వచ్చింది: "ప్రయాణికులకు గమనిక. హైదరాబాదు వెళ్ళవలసిన మేఘమాల విమానము సకాలమునకు బయలుదేరుచున్నది. కలిగిన అసౌకర్యమునకు మిక్కిలి చింతించుచున్నాము."

అంతే, కౌంటరు మీదికి జనం ఎగబడ్డారు.

"నాలుగు గంటలు లేటని చెప్పి టికెట్టు అమ్మారు కదయ్యా! ఇదేం మోసం?"

"పొగమంచు వస్తుందన్నారుగా, ఏదీ?"

"ఇంజన్లో ఏదో ఒక లోపం ఉండకుండా ఉంటుందా? సరిగ్గా వెతకమనండి!"

కౌంటరులో అమ్మాయి చేతులు జోడించి, "క్షమించండి సార్, ఇకముందు ఇలా జరగకుండా చూసుకుంటాం" అంది. టైముకి నడిపే క్యాప్టెన్ ఒకాయన ఉండేవాడు. ఆయన టోపీ కనిపిస్తే చాలు జనం చెల్లాచెదురయ్యేవారు. ఆయన్ని నేలమీదికి బదిలీ చేశారు. ఓదార్పు సభ్యులకోసం చేతులు పట్టుకునే శిక్షణ ఇచ్చారు. చేతులు మాత్రం మంచి మెత్తగా ఉండేవట.

దీనివల్ల సంస్థకి ఒక కొత్త సత్యం తెలిసింది. కూర్చునే ప్రయాణికుడికి పెట్రోలు అక్కర్లేదు. వెంటనే 'కేవల నిరీక్షణ టికెట్టు' ప్రవేశపెట్టారు. విమానం ఉండదు, మిగతావన్నీ ఉంటాయి. విమానం ఎక్కినవారై ఉండవలెనన్న పాత నియమాన్ని సవరించి, ఎక్కుటతో సభ్యత్వమునకు సంబంధము లేదు అన్నారు. ఆ వెంటనే ఇంకో సవరణ తెచ్చారు: ఎవరైనా ఎక్కినచో నిరీక్షణాభంగముగా పరిగణించి, ఆర్జించిన నిమిషములు సున్నా చేయబడును.

ఇలా జరగగా జరగగా ఎక్కేవాడే లేకుండా పోయాడు. కానీ వారానికొక్కసారైనా విమానం ఎగరకపోతే లైసెన్సు పోతుందట. విమానం ఎగరాలంటే లోపల కనీసం ఒక ప్రయాణికుడు ఉండాలట. అందుకని ప్రతి శుక్రవారం లాటరీ తీసేవారు. చీటీల గిన్నె బయటికి రాగానే మగవాళ్ళంతా టాయిలెట్లలో దాక్కునేవారు. ఆడవాళ్ళు వేరేవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని, పిల్లలున్నవాళ్ళని వదిలెయ్యండి అని బతిమాలేవారు.

ముప్పై తొమ్మిదో రోజు శుక్రవారం. అప్పటికి నావి యాభై ఆరువేల పైచిలుకు నిమిషాలు. గడ్డం పెరిగింది, నడుము ఉందన్న సంగతి మర్చిపోయాను. త్రిపుర పొద్దున్నే క్యారేజీ తెచ్చి, గొట్టాల సందులోంచి ఇస్తూ, "ఇంక మూడు రోజులేగా. స్వెట్టర్లు మళ్ళీ ఉతికాను" అంది.

"గుత్తుల పట్టాభిరామయ్య!" అని మైకు పిలిచింది.

నేను తలుపు గడియ వేసుకుని, ఊపిరి బిగబట్టుకుని టాయిలెట్లో నిలబడ్డాను. తలుపు విరగ్గొట్టారు. నేను స్తంభం పట్టుకున్నాను. తాసీల్దారు గారు నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ, "మిత్రమా, విధి" అన్నారు. నలుగురు మోసుకెళ్ళి నన్ను విమానంలో కూర్చోబెట్టారు. ఎయిర్‌హోస్టెస్ కళ్ళొత్తుకుంటూ "స్వాగతం సార్" అంది. విమానసంస్థవాళ్ళు నన్ను అన్యాయంగా విమానం ఎక్కించారని కోర్టులో కేసు వేద్దామనుకున్నాను గానీ, ఏ లాయరుకి చెబితే నమ్ముతాడు?

నూట ఎనభై సీట్లలో నేనొక్కణ్ణే. ఇన్నేళ్ళూ త్వరగా దిగొచ్చని నడవా పక్క సీటే తీసుకుని నిద్రపోయేవాణ్ణి. ఆవేళ ఏడుపొచ్చి మొహం దాచుకోడానికి కిటికీవైపు తిరిగాను. కింద గోదావరి. 'గోదావరి దర్శన్'లో ఎన్నడూ కనిపించని గోదావరి, లంకలు, ఇసుకమేటలు, వంతెనలు, అన్నీ ఎవరో పరిచిపెట్టినట్టున్నాయి. రెండువందల పన్నెండు సార్లు దీని మీదుగా గురక పెట్టుకుంటూ పోయానన్నమాట. త్రిపుర అడిగిన కిటికీ ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. తెలిసేసరికి నా నిమిషాలు సున్నా అయిపోయాయి.

హైదరాబాదులో దిగగానే అలవాటు ప్రకారం ఫోన్ చేసి, "ఎక్కేశాను, బయల్దేరు" అన్నాను. తిరుగు విమానం బయల్దేరడానికి ఇంకా మూడున్నర గంటలుంది.

*

తిరిగొచ్చేసరికి త్రిపుర పార్కింగ్‌లో కారులోనే ఉంది. ఒళ్ళో బిస్కెట్ల డబ్బా. డాష్‌బోర్డు మీద మేఘమాల నియమావళి పుస్తకం, దాని అట్ట వెనక పెన్సిలు లెక్కలు. నేను తలొంచుకుని తలుపు తియ్యబోయాను.

"ఎక్కకండి" అంది.

"కోపం వచ్చిందా త్రిపురా? నన్ను బలవంతంగా..."

"కోపం లేదు, ఏమీ లేదు. ఇంకా ఆరు నిమిషాలు తక్కువున్నాయి. ఊరికే అలా నిలబడండి."

ఆవిడ వివరించింది. రెండువందల పన్నెండు చీటీలు. ప్రతిదాని మీదా లోపలికొచ్చిన టైము, బయటికెళ్ళిన టైము అచ్చయి ఉంది. నా 'ఎక్కేశాను'ల పుణ్యమా అని సగటున నాలుగు గంటల నలభై నిమిషాల పైనే. మొత్తం కూడితే యాభై తొమ్మిది వేల ఏడువందల పన్నెండు. ఇవాళ్టివి రెండువందల ఎనభై రెండు.

"కానీ నువ్వు ఎక్కలేదుగా, నన్ను తీసుకెళ్ళడానికి వచ్చావు" అన్నాను.

"ఏడో నియమం చదవండి. 'సంస్థ విమానము కొరకు విమానాశ్రయ ఆవరణలో గడిపిన ప్రతి నిమిషము.' ఎక్కడానికా, దింపుకోడానికా అని లేదు. మీరు ఆ ఉప్మా తింటూ ముప్పై తొమ్మిది రోజులు కూర్చున్నారు గానీ, ఈ పుస్తకం ఒక్కసారైనా తెరిచారా?"

తెరవలేదు. ఆరు నిమిషాలు ఎండలో నిలబడ్డాను. దేనికైనా మంచిదని ఆవిడ ఇంకో పావుగంట నిలబెట్టింది. ఆ పావుగంట నియమం కోసం కాదని నాకు తెలుసు. నిలబడ్డాను.

కౌంటరు దగ్గర ఇద్దరు గుమాస్తాలు రెండువందల పదమూడు చీటీలు కూడి, చెమటలు పట్టి, నిరంజన్ గారిని పిలిచారు. ఆయన చీటీలు చూశారు. త్రిపురని చూశారు. టాబ్లెట్ చూశారు.

"అమ్మా, తమరు ఏనాడును మా విమానము ఎక్కలేదు!"

"మరి అదేగా మీ లెక్కలో అసలు నిష్ఠ?" అంది త్రిపుర.

నిరంజన్ గారు కళ్ళద్దాలు తీశారు. ఆయన కంట్లో తడి చూశాను. ఆయన నిలబడి, కంపార్ట్‌మెంట్లవైపు తిరిగి, "మిత్రులారా! నేను కలగన్న ప్రయాణికురాలు ఈమెయే! పదకొండేళ్ళు! ఎన్నడును ఎక్కక, ఎన్నడును విడువక! ఉప్మా కూడ అడుగక!" అన్నారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. క్యాప్టెన్ గారు వచ్చి మెత్తని చేత్తో త్రిపుర చెయ్యి పట్టుకోబోతే, "అక్కర్లేదండీ, అలవాటైపోయింది" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

టికెట్లు రెండు. ఆవిడ పేరు రాశారు. నా పేరు చెప్పగానే నిరంజన్ గారు తల అడ్డంగా ఊపారు. "మైనస్ ఖాతాదారులు సహప్రయాణికులు కారాదు."

"అన్నీ సున్నా చేశారుగా! ఆ పదకొండూ కూడా సున్నా అయి ఉండాలి కదా?"

"సున్నా చేయబడినది ఆర్జన మాత్రమే. తరుగు తరగదు" అన్నారాయన. జీవితంలో మొదటిసారి ఇంకొకడు వేసిన శ్లేషకి నేను నవ్వలేకపోయాను.

రెండో టికెట్టు రాజ్యం గారికి వెళ్ళింది. రెండో స్వెట్టరూ ఆవిడకే వెళ్ళింది. కాస్త బిగుతుట.

*

వాళ్ళు వెళ్ళిన విమానం టైముకి లేచింది. సంస్థ తరఫున మూడుసార్లు క్షమాపణ చెప్పారు. త్రిపుర ఢిల్లీ మీదుగా శ్రీనగర్ చేరి, కిటికీలోంచి తీసిన మేఘాల ఫోటోలు నలభై రెండు పంపింది. నలభై రెండూ ఒకేలా ఉన్నాయి. నేను నలభై రెండూ చూశాను.

ఆరో రోజు తొమ్మిదింటికి ఫోన్. "ఏవండీ, ఎక్కేశాం. బయల్దేరండి."

కారు తీసుకుని పరుగెత్తాను. రాజ్యం గారి కోసం అపార్ట్‌మెంట్‌లో సగం మంది నాలుగు కార్లలో వచ్చారు. బులివెంకటరెడ్డి గారు పూలదండ కూడా పట్టుకొచ్చారు. పది అయింది. పన్నెండయింది. దండ వాడింది. ఒంటిగంటకి రెడ్డి గారు, "ఆయ్, పట్టాభి గారూ, ఎక్కేశారన్నారు కదండీ? విమానం నడుచుకుంటూ వస్తుందాండీ?" అన్నారు. నేను ఫోన్ చేస్తే అవతల్నుంచి సరస్సు నీళ్ళ చప్పుడూ, పడవ తెడ్ల చప్పుడూ, రాజ్యం గారి నవ్వూ వినబడ్డాయి. త్రిపుర మాత్రం "వచ్చేశామండీ, అయిదు నిమిషాలు" అని పెట్టేసింది. పార్కింగ్‌లో ఎండకి కారు సీటు కాలుతోంది. పదకొండేళ్ళుగా ఆ సీటు ఎంత కాలిందో నేను అడగలేదు.

రాత్రి తొమ్మిదింటికి ఇద్దరూ స్వెట్టర్లతో సహా బయటికొచ్చారు. మా వాళ్ళంతా చుట్టుముట్టారు.

"త్రిపుర గారూ, ఇంతకీ మీకీ టికెట్లు ఎలా వచ్చాయండీ?" అన్నారు రెడ్డి గారు, వాడిన దండ ఆవిడ చేతిలో పెడుతూ.

త్రిపుర నన్నొకసారి చూసింది. "అందరూ ఉన్నారు కాబట్టి అన్నీ చెప్పేస్తానండీ. ఆవేళ మిక్సీ తిరుగుతుంటే ఫోనొచ్చింది. వాళ్ళు ఆగిపోతాయన్నది మైళ్ళు. నాకు నీళ్ళని వినబడింది. ఆ మైళ్ళు పోబట్టి ఈయన కూర్చున్నారు, ఈయన కూర్చోబట్టి నేను లెక్క చూశాను. మన నీళ్ళకి ఏమీ కాలేదు. మీరందరూ ఒక్కసారే పట్టుకోబట్టి ట్యాంకు ఖాళీ అయింది. ఆ మధ్యాహ్నమే ఈయన ఫోన్ చేసి కనుక్కున్నారు గానీ, తప్పు నాదేనండీ, సిగ్గేసి ఇన్నాళ్ళూ చెప్పలేదు. క్షమించండి."

మొదట తేరుకున్నది రాజ్యం గారు. "అయితే అటక మీద ఆ ఈతతొట్టి?"

"దింపించెయ్యచ్చండీ."

రెడ్డి గారు నెమ్మదిగా నావైపు తిరిగారు. ఆయన వెనక ఇరవై మంది తిరిగారు. "అంటే, పట్టాభి గారూ, మీకు ఆ సాయంత్రానికే తెలుసన్నమాట. మరి మీరు మాకు అమ్మిన ఆ ఏడున్నర హార్స్‌పవర్ మోటారు?"

"దానికి రెండేళ్ళ గ్యారంటీ ఉందండీ" అన్నాను. "మీరంతా ఇక్కడే ఉండండి. కారు తెస్తాను. అయిదు నిమిషాల్లో వచ్చేస్తాను."

ఇరవై మందీ ఒక్కసారి నవ్వారు. త్రిపుర నవ్వలేదు. నా చేతిలోంచి తాళాలు తీసుకుని, తన సంచీ నా భుజానికి తగిలించింది.

"నేనూ వస్తాను, పదండి. ఈ చోట ఇంక ఒక్క నిమిషం కూడా కూడబెట్టను."